గంపలో వేసిన ఖాళీ షీట్లు

దేవునికి స్తోత్రం. ఈ ఉదయం నన్ను లేపినందుకు, కళ్లు తెరవగానే తన పేరు పలకనిచ్చినందుకు స్తోత్రం. నేను దాచిందంతా చూస్తూ కూడా యాభై మూడేళ్లుగా నాకు అన్నం పెట్టిన తండ్రికి మహిమ కలుగును గాక. ఆయన్ని స్తుతించకుండా ఈ కాగితం మీద ఇంకో మాట రాయడానికి నాకు భయంగా ఉంది. స్తుతించి రాయడానికి కూడా భయంగానే ఉంది.

పదకొండేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. చూడటానికి అది పిడికిట్లో పట్టేంత సీసా. పైన విటమిన్ గోలీలని రాసి ఉంటుంది. మా వంటింట్లో కందిపప్పు డబ్బా వెనక దాని చోటు. అందులో ఉన్నవి విటమిన్ గోలీలు కావు.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయను. మిర్యాలగూడలో మా సంఘం పేరు కూడా రాయను. అక్కడివాళ్లు మంచివాళ్లు, నన్ను నమ్మారు.

నేను పుట్టింది సూర్యాపేటలో, విశ్వాసుల ఇంట్లో. అక్షరాలు రాకముందే వాక్యాలు కంఠస్థం వచ్చాయి. పాతికేళ్లుగా ఆదివారపు బడిలో పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. సంఘంలో నన్ను పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. స్వస్థత అక్క అంటారు. ఆ పిలుపు వినబడితే ఇప్పుడు కూడా వెనక్కి తిరిగి నవ్వుతాను. నవ్వు దానంతట అదే వస్తుంది.

పెళ్లికి ముందు నాకు రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. మా అమ్మ ఎవరికీ తెలియనివ్వలేదు. పెళ్లయ్యాక చాలా ఏళ్లు రాలేదు. నలభై దాటాక మళ్లీ మొదలయ్యాయి. ఒకసారి ఇంట్లో, ఇంకోసారి బజార్లో. మూడోసారి ఆదివారం ఆరాధనలో, అందరూ నిలబడి పాట పాడుతుండగా వచ్చింది. తెలివి వచ్చేసరికి ఎవరో నా ముసుగు సర్ది ఉన్నారు. చీర తడిసి ఉంది. చుట్టూ ఆడవాళ్ల కాళ్లు మాత్రమే కనబడ్డాయి. ఆ తర్వాత కొన్ని వారాలపాటు నా పక్కన చాప మీద ఎవరూ చంటిపిల్లల్ని కూర్చోబెట్టలేదు. నేను వాళ్లని తప్పుపట్టను. నేనైనా అంతే చేసేదాన్ని.

మా పాస్టరు అయ్యగారు, సంఘపు పెద్దలు నా కోసం నలభై రోజులు ఉపవాస ప్రార్థన పెట్టారు. నిజమైన ప్రేమతో పెట్టారు. మొదటి వారంలోనే, ఒక మంగళవారం, మా ఆయన పాఠాలు చెప్పడానికి బడికి వెళ్లాక నేను ఒక్కదాన్నే బస్సెక్కి కోదాడ వెళ్లాను. మిర్యాలగూడలో ఏ దవాఖాన మెట్టెక్కినా సాయంత్రానికి సంఘానికి తెలిసిపోతుంది. సూర్యాపేట నిండా మా చుట్టాలు. కోదాడలో నన్నెరిగినవాళ్లు లేరు. అక్కడి డాక్టరు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకోమని గోలీలు రాశాడు. ఒక్కరోజు కూడా మానొద్దని, సొంతంగా ఆపితే ముందుకంటే గట్టిగా రావచ్చని రెండుసార్లు చెప్పాడు. చీటీ మీద నేను చెప్పిన పేరు నాది కాదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. బస్సు హుజూర్‌నగర్ దాటాక సంచిలోంచి స్టిక్కర్ బొట్టు తీసి పెట్టుకునేదాన్ని. విశ్వాసురాలినని ఎవరూ గుర్తుపట్టకుండా. తిరిగి వచ్చేటప్పుడు అదే చోట తీసి బస్సు కిటికీ అంచుకు అంటించేదాన్ని. ప్రతి మూడు నెలలకు ఒక బొట్టు. అలా ఎన్ని కిటికీలకు అంటించానో.

నలభై రోజులు గడిచాయి. ఫిట్స్ రాలేదు. సంఘమంతా కన్నీళ్లతో స్తుతించింది. నేనూ స్తుతించాను.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. నెలలో మొదటి శుక్రవారం ఉపవాస ప్రార్థన రోజున ప్రసంగపు బల్ల ముందు వెదురు గంప పెడతారు. దేవుడు తమను విడిపించాడని నమ్మినవాళ్లు వచ్చి, అప్పటిదాకా ఆధారపడ్డ వస్తువుల్ని అందులో వేస్తారు. తాయెత్తులు, దారాలు, గుట్కా పొట్లాలు, సారా సీసాలు, గోలీలు. ఆరాధన అయ్యాక వెనక గోడ దగ్గర అన్నీ కాల్చేస్తారు. గోలీలు వెయ్యమని అయ్యగారు ఒక్కనాడూ చెప్పలేదు, ఆ మాట నేను ఆయన పక్షాన చెప్పాలి. కానీ వేసినవాళ్ల చేతికి మైకు ఇచ్చేవారు. ఎవరైనా ఇస్తారు.

నా వంతు వచ్చింది. ముందు రోజు సాయంత్రం నాలుగు గోలీల షీట్లు ముందు పెట్టుకుని వంటింట్లో కూర్చున్నాను. మామూలుగా గోలీ నొక్కి తీస్తే పైన బుడగ నలిగిపోతుంది, దూరం నుంచి చూసినా ఖాళీదని తెలుస్తుంది. అందుకని వెనక రేకును బ్లేడుతో సన్నగా కోసి ఒక్కొక్క గోలీని బయటికి తీశాను. బుడగలు నిండుగా, గుండ్రంగా అలాగే నిలబడి ఉన్నాయి. తీసిన గోలీలు విటమిన్ సీసాలో పోశాను.

అంత జాగ్రత్త ఎందుకు పడ్డాను? నిజంగా స్వస్థత పొందానని నమ్మి ఉంటే గోలీలతో సహా వేసేదాన్ని కదా. నమ్మకపోతే గంప దగ్గరికే వెళ్లేదాన్ని కాదు కదా. బ్లేడు పట్టుకున్న ఆ చెయ్యి ఎవరిది?

శుక్రవారం గంపలో ఆ షీట్లు వేసి మైకు తీసుకున్నాను. ఇక వీటితో నాకు పని లేదని చెప్పాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు అబద్ధం చెబుతున్నట్టు అనిపించలేదు. ఒళ్లంతా వేడెక్కింది, కళ్ల వెంట నీళ్లు కారాయి. ఆ నీళ్లు నిజమైనవి. వారాల తరబడి నా పక్కన పిల్లల్ని కూర్చోబెట్టని ఒక అమ్మ వచ్చి తన బిడ్డ తల మీద చెయ్యి పెట్టమని అడిగింది. మర్నాడు పొద్దున లేచి, స్తోత్రం చెప్పి, గోలీ వేసుకున్నాను.

మా ఊళ్లో బియ్యం మిల్లుల పక్కన కూలీలు ఉండే గదులుంటాయి. ఒకే మంచం మీద పగటి షిఫ్టు మనిషి రాత్రి, రాత్రి షిఫ్టు మనిషి పగలు పడుకుంటారు. నెలలు గడిచినా ఒకరి ముఖం ఒకరు సరిగా చూడరు. నాలో అలా ఇద్దరుండేవారు. ఒకామె మైకు పట్టుకునేది, ఒకామె సీసా మూత తీసేది. ఇద్దరూ ఎదురుపడకుండా నేను చూసుకున్నాను. ఎప్పుడైనా ఎదురుపడబోతే నా దగ్గర సిద్ధంగా మాటలుండేవి. ఇది మందు కాదు, ఒంటికి బలం. దేవుడు ఇప్పటికే బాగు చేశాడు, ఇది ఊరికే అలవాటు. వైద్యుణ్ని పుట్టించింది కూడా ఆయనే కదా. చివరి మాట నిజమే. నిజమైతే అదే మాట మైకులో ఎందుకు చెప్పలేదు?

ఒకసారి, మైకులో చెప్పిన సాక్ష్యాన్ని నిజం చేద్దామని అనుకున్నాను. గోలీలు మానేశాను. పదకొండు రోజులు. పన్నెండో రోజు పొద్దున టీ గ్లాసు పట్టుకుంటే పై పెదవి ఒక పక్కకు లాగడం మొదలైంది. ఆ లాగుడు నాకు తెలుసు. గ్లాసు కింద పెట్టి, గోలీ వేసుకుని, వెంటనే కోదాడ బస్సెక్కాను. ఆ రోజు బొట్టు పెట్టుకోవడం కూడా మర్చిపోయాను. మానితే ఏమవుతుందో నాకు తెలుసని మీరు గుర్తుపెట్టుకోవాలి. తర్వాత నేను చేసింది తెలియక చేసింది కాదు.

దయామణి మా సంఘానికి ఆ ఏడే వచ్చింది. ఆమెది పెన్‌పహాడ్ దగ్గర పల్లె. భర్త యాకోబు మా ఊళ్లో మిల్లు లారీ నడిపేవాడు. ఆమె మిల్లు కళ్లంలో వడ్లు ఆరబోసేది, తిరగేసేది. పెద్ద నవ్వు ఆమెది. చిన్నప్పటి నుంచి ఫిట్స్. దవాఖానలో ఇచ్చే గోలీలు వాడేది. మూడేళ్లుగా ఒక్కసారి కూడా రాలేదని సంబరంగా చెప్పేది. నా సాక్ష్యం విన్నాక ఆ సంబరం పోయింది. అక్కకు ఉన్న విశ్వాసం నాకెందుకు లేదని అందరి దగ్గరా అనేది.

ఒక మొదటి శుక్రవారం, ఆరాధనకు ముందు, కాళ్లు కడుక్కునే నల్లా దగ్గర నన్ను ఆపింది. కొంగు ముడిలోంచి షీట్లు తీసి చూపించింది. రెండు నెలలకు సరిపడా ఉన్నాయి. నిండుగా ఉన్నాయి.

"అక్కా, ఒక్క మాట అడుగుత. కోపానికి రావు గద?"

"అడుగు."

"నిజంగ ఒక్క గోలి గూడ ఏసుకుంటలేవా? అర గోలి గూడ? నాకు జర భయమైతంది. అందుకే అడుగుతున్న."

నల్లా నీళ్లు నా కాళ్ల మీద పడుతున్నాయి. ఎవరో వెనక నుంచి వందనాలక్కా అన్నారు. నేను వాళ్లకు వందనాలు చెప్పి ఆమె వైపు తిరిగాను. ఆ పొద్దున వేసుకున్న గోలీ చేదు ఇంకా నాలుక చివర ఉంది.

"ఒక్కటి గూడ లేదు దయామణీ."

"ఎన్నడన్న ఏమన్న అయిందా మల్ల?"

"ఏం గాలే."

ఆమె ముఖం విప్పారింది. "నీ నోట ఇందామనే ఆగిన. ఇగ ఎవ్వల మాట ఇన," అని నా మోచెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది. నా సంచిలో, పరిశుద్ధ గ్రంథం పక్కన, సాయంత్రపు గోలీ ఒక కాగితంలో చుట్టి ఉంది.

ఆమె గంపలో వేసిన షీట్లు బరువుగా పడ్డాయి. ఆ చప్పుడు నేను విన్నాను. నావి పడినప్పుడు చప్పుడు రాలేదు. ఈ తేడా ఆ గదిలో నాకు ఒక్కదానికే తెలుసు. కాల్చేటప్పుడు నేను వెనక గోడ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. అవి తీసి సంచిలో వేసుకుని తర్వాత ఆమెకు ఇవ్వొచ్చు కదా అని ఒక్క క్షణం అనుకున్నాను. ఏమని చెప్పి ఇస్తాను? ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. ఇంటికి వెళ్లిపోయాను.

ఐదు వారాలు ఏమీ కాలేదు. నేను రోజూ భయంతో ప్రార్థన చేసేదాన్ని. ఆమెను కాపాడమని చేశానా, నన్ను బయటపెట్టొద్దని చేశానా? అప్పుడు రెండూ ఒకటే అనిపించాయి.

ఆరో వారంలో మా సంఘంలో పంట పండుగ వచ్చింది. ఆరాధన తర్వాత అందరికీ భోజనం. వెనక ఆవరణలో ఇటుకల పొయ్యి మీద పెద్ద గిన్నెలో అన్నం వండుతున్నాం. గంజి వార్చేటప్పుడు ఒక పక్క నేను, ఒక పక్క దయామణి గుడ్డలతో పట్టుకున్నాం. ఆమె ఏదో హాస్యం ఆడుతోంది. స్వస్థత అక్క పట్టిన గిన్నెలో అన్నం మాడదని అంది. తర్వాతి మాట మధ్యలో ఆగిపోయింది. ఆమె పై పెదవి పక్కకు లాగింది. నేను చూశాను. అందరికంటే ముందు నేను చూశాను. గిన్నె కింద పెట్టమని అరవడానికి నోరు తెరిచాను. ఈలోపే ఆమె పడిపోయింది. మరుగుతున్న గంజి ఆమె కుడి చేతి మీద ఒలికింది. మోచెయ్యి నుంచి వేళ్ల దాకా.

దవాఖానకు నేను, యాకోబు తీసుకెళ్లాం. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్న వయసుది. ఫిట్స్ ఎన్నాళ్ల నుంచి, గోలీలు వాడుతుందా, మధ్యలో ఆపిందా అని అడిగింది. ఆమె గంపలో వేసిన శుక్రవారం యాకోబు లారీ మీద ఉన్నాడు, అతనికి ఏమీ తెలియదు. రోజూ వేసుకుంటదని చెప్పాడు. డాక్టరమ్మ నమ్మలేదు. నా వైపు తిరిగింది. మీరు దగ్గరి మనిషిలా ఉన్నారు, మీకు తెలుసా, ఆపిందా అంది.

"నాకు తెల్వదు మేడం," అన్నాను.

చలిమంట దగ్గర నిలబడి తన గురువు ఎవరో ఎరగనన్న శిష్యుడి పాఠం పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. ఆ శిష్యుడు బయటికి వెళ్లి ఏడ్చాడు. నేను ఏడవలేదు. సాయంత్రపు గోలీ వేళ దాటుతోందని గుర్తొచ్చింది. వరండా చివర మంచినీళ్ల కుళాయి దగ్గరికి వెళ్లి, కాగితం విప్పి, గోలీ మింగాను. తిరిగి వచ్చి ఆమె మంచం పక్కన మోకరించి ప్రార్థన చేశాను. గట్టిగా చేశాను. పక్క మంచాల వాళ్లు కూడా కళ్లు మూసుకున్నారు.

ఆమె ప్రాణం దక్కింది. చెయ్యి దక్కలేదు. రెండు వేళ్లు అతుక్కుపోయాయి, మణికట్టు లోపలికి ముడుచుకుపోయింది. కళ్లంలో పని పోయింది. సంఘంలో కొందరు ఆమె విశ్వాసంలో లోపం ఉందేమో అని మెల్లగా అనుకున్నారు. ఆ మాట నా ముందే అన్నారు. నేను కాదనలేదు.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చింది. కుర్చీ వేసినా కూర్చోకుండా నేల మీద కూర్చుంది. ముడుచుకున్న చేతిని కొంగు కింద పెట్టుకుంది. డాక్టరమ్మ మళ్లీ గోలీలు మొదలుపెట్టించిందని, సంఘంలో ఎవరికీ చెప్పకుండా వేసుకుంటున్నానని, ప్రతి గోలీకి తాను ప్రభువును అమ్ముకుంటున్నట్టు ఉందని చెప్పింది. "నీ అంత విశ్వాసం నాకు లేదక్కా. దొంగలెక్క మింగుతున్న. మల్ల మానెయ్యాల్నా? నువ్వేమంటవ్?" అంది.

వంటిల్లు ఆమె వెనక పది అడుగుల దూరంలో ఉంది. కందిపప్పు డబ్బా ఆమె తల పక్కనుంచి నాకు కనబడుతోంది. లేచి వెళ్లి ఆ సీసా తెచ్చి ఆమె ఒళ్లో పెడితే అయిపోయేది. నేను కూడా దొంగనే అని ఒక్క మాట. ఆ ఒక్క మాట ఆమెకు చెయ్యి తిరిగి ఇవ్వదు. కానీ ఆమె తల ఎత్తుకుని బతికేది.

నేనేమన్నానో చెబుతాను. "నీ విశ్వాసం కొలది," అన్నాను.

మానమనలేదు, వేసుకోమనలేదు. ఏ నేరమూ నా మీదికి రాని మాట. ఆ మాట అంత తొందరగా నాకెలా దొరికింది? తర్వాత ఆమె తల మీద చెయ్యి పెట్టి, ఈ కుమార్తె బలహీనతను, అవిశ్వాసాన్ని క్షమించు తండ్రీ అని ప్రార్థించాను. ఆమె ఆమేన్ అంది. నాకు వందనాలు చెప్పి వెళ్లింది. కొన్ని వారాలకు వాళ్లు సూర్యాపేట వెళ్లిపోయారు.

ఇంత జరిగాక నా నోరు మూతపడాలి కదా. పడలేదు. ఆమె చెయ్యి కాలిన తర్వాతే నేను ఎక్కువ మాట్లాడాను. పల్లెల్లో కూటాలకు పిలిస్తే వెళ్లాను. నా సాక్ష్యంలోకి లేని సంగతులు వచ్చి చేరాయి. డాక్టరు ఆశ్చర్యపోయాడని చెప్పాను. ఏ డాక్టరూ ఆశ్చర్యపోలేదు. లోపల భయం పెరిగే కొద్దీ గొంతు పెంచాను. ఆమెకు లేనిది నాకు ఉందని నమ్మితే తప్ప నాకు నిద్ర వచ్చేది కాదు. అందుకని నమ్మాను. నిజంగా నమ్మాను. ఒక మనిషి తన కళ్లముందు జరిగినదాన్ని ఇంతగా తిప్పి నమ్మగలదా అని మీరు అడగొచ్చు. నమ్మగలదు.

మొన్న సోమవారం ఫోను వచ్చింది. కొత్త నంబరు. గొంతు గుర్తుపట్టాను.

"అక్కా, యాదికున్ననా? పెద్దదానివైనవ్, మమ్ములెందుకు యాది పెట్టుకుంటవ్ లే," అని నవ్వింది. సూర్యాపేటలో బజ్జీల బండి పెట్టుకున్నామని, ఎడమ చేత్తోనే అన్నీ నేర్చుకున్నానని చెప్పింది. తమ సంఘంలో కూడా ఈ శుక్రవారం నుంచి గంప పెడుతున్నారని, మా ఊరి పద్ధతి చూసే మొదలుపెట్టారని చెప్పింది. ఆ తర్వాత గొంతు తగ్గించింది. ఇన్నేళ్లూ దొంగతనంగా మింగింది చాలని, ఈసారి అన్నీ గంపలో వేస్తానని, నేను వచ్చి తన పక్కన నిలబడాలని అంది. నువ్వు పక్కనుంటే నాకు భయం ఉండదక్కా అంది.

చూస్తాను అన్నాను. అవును, మళ్లీ అలాంటి మాటే.

నిన్న సూర్యాపేట బస్సెక్కాను. ఎలాగైనా చెప్పాలని వెళ్లాను. బండి ఎక్కడో ఆమె ముందే చెప్పింది. రోడ్డుకు అవతలి పక్క నిలబడి చూశాను. మరుగుతున్న నూనె మూకుడు ముందు నిలబడి ఉంది. ఎడమ చేత్తో మిరపకాయలు శనగపిండిలో ముంచి నూనెలో వదులుతోంది. ఎవరితోనో హాస్యం ఆడుతోంది. ముడుచుకున్న కుడి చెయ్యి మూకుడు అంచుకు జానెడు దూరంలో ఉంది. శుక్రవారం గోలీలు మానితే, ఐదు వారాలకో ఆరు వారాలకో ఆమె ఈ నూనె ముందే నిలబడి ఉంటుంది. లారీలు అడ్డం వస్తూ పోతూ ఉన్నాయి. ఆ రోడ్డు నేను దాటలేదు. తిరుగు బస్సెక్కి వచ్చేశాను.

ఇవాళ బుధవారం. పొద్దున ప్రార్థన మొదలుపెట్టాను. స్తోత్రం అని మాత్రం అనగలిగాను. మా ఆయన ముందు గదిలో ఉన్నాడు. నేను వంటింట్లోంచి ఫోను చేశాను. నంబరు రెండుసార్లు తప్పు నొక్కాను.

ఆమె వందనాలక్కా అనేలోపే అన్నాను. "దయామణీ, గంపల ఏం ఎయ్యకు. నేను ఏసిన షీట్లు ఖాళీయి. గోలీలు నేను ఏనాడు మానలే. గీ పొద్దు గూడ ఏసుకున్న."

అటుపక్క నూనె చిటపటలు వినబడ్డాయి. తర్వాత అవి దూరమయ్యాయి. పక్కకు వచ్చినట్టుంది.

"గా దినం దవాఖానల గూడ ఏసుకున్నవా?"

"ఏసుకున్న."

"నా మంచం పొంటి ఉండంగనే?"

"బయట నల్లా కాడ."

ఆమె ఊపిరి వినబడుతోంది. తిట్టమని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

"అంటే నాకు ఇశ్వాసం లేకపోవుడు గాదన్నట్టు," అంది. నన్ను అడగలేదు. తనకు తాను చెప్పుకుంది. "ఇగ పెట్టెయ్యక్కా," అని ఫోను తనే పెట్టేసింది.

శుక్రవారం ఆమె ఏం చేస్తుందో నాకు తెలియదు. గోలీలు సంచిలోనే ఉంచుకుంటుందని ఆశ. లేక నా మీది కోపంతో, లేక దేవుని మీది కోపంతో ఇంకేమైనా చేస్తుందా? ఆ సంగతి చెబుతుందా, ఎవరికి చెబుతుంది, ఆదివారానికి మా సంఘంలో ఏమవుతుంది? ఈ ప్రశ్నలన్నీ వస్తున్నాయి. ఆమె చేతిని తలుచుకోవాల్సిన సమయంలో కూడా నా పేరు ఏమవుతుందోనన్న భయమే ముందు వచ్చి నిలబడుతోంది. ఇది కూడా రాయాలి.

ఫోనులో అన్నదంతా మా ఆయన విన్నాడు. లోపలికి వచ్చాడు. డబ్బా వెనకనుంచి సీసా తీసి ఆయన చేతిలో పెట్టాను. మూత తిప్పి చూశాడు. విటమిన్లని నమ్మి చాలాసార్లు ఆయనే నాకు ఈ సీసా అందించాడు. మూత పెట్టి, బల్ల మీద ఉంచి, చెప్పులేసుకుని బయటికి వెళ్లాడు. ఇంకా రాలేదు.

ఎందుకు రాసిపెడుతున్నానో ఇప్పుడు చెబుతాను. నన్ను నేను ఎరుగుదును. ఈ రోజు చెప్పిన నిజాన్ని వారం తిరిగేలోపు నా మనసు వేరేగా అల్లుతుంది. అప్పుడు భయపడి అలా అన్నాను గానీ దేవుడైతే నన్ను బాగుచేశాడు కదా అని మొదలుపెడుతుంది. బ్లేడు సంగతి మరిచిపోతుంది. అందుకే బ్లేడు సంగతి, నల్లా సంగతి, కుళాయి సంగతి నా చేత్తోనే రాశాను. మైకు పట్టుకునే ఆమె వచ్చి ఈ కాగితం చదవాలి.

దేవుడు నన్ను క్షమించాడని నేను అనను. ఆ మాట ఇంతకాలం చాలా తేలిగ్గా వాడాను. దయామణి క్షమించలేదు, క్షమించమని నేను అడగలేదు. భయం పోలేదు. ఒకటి మాత్రం జరిగింది. సీసా ఇప్పుడు బల్ల మీద, అందరికీ కనబడేలా ఉంది. పదకొండేళ్లలో మొదటిసారి వంటింట్లోకి వెళ్లేటప్పుడు వెనక్కి తిరిగి చూసుకోలేదు.

మీరు ఏ దేవునికి మొక్కేవారైనా, చదివిన ఈ కొద్దిసేపు నాతో కలిసి తల వంచండి. నన్ను శిక్షించకుండా విడిచిపెట్టమని అడగొద్దు. సూర్యాపేటలో బజ్జీల బండి దగ్గర ఒక మనిషి ఉంది. శుక్రవారం ఆమె గంప ముందు నిలబడితే, ఆమె ఎడమ చెయ్యి కొంగు ముడి విప్పకుండా ఆపమని అడగండి. ఆ గోలీ ఆమె ఎవరికీ దాచకుండా, పగటి వెలుగులో, మంచినీళ్లతో మింగాలని అడగండి. నేనూ అదే అడుగుతున్నాను. ఆమేన్ అని మీరు అనండి. నా ఆమేన్ మీద నాకింకా నమ్మకం కుదరలేదు.